చెట్టు లెక్క

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ అంటే ఏమిటని ఎవరూ అడగరు. బడి ముఖం చూడని ముసలమ్మ కూడా తన అంకె చెబుతుంది. ఆ అంకె ఎందుకు పెరుగుతోందనే ఇన్నేళ్ళుగా అందరినీ అడుగుతున్నాం. నీళ్ళన్నాం, నీళ్ళలోని సిలికా అన్నాం, పురుగుమందులన్నాం. 2019లో వెలువడిన ఒక అధ్యయనం, పరీక్షించిన పెద్దల్లో సుమారు 18 శాతం మందికి కిడ్నీ జబ్బుందని చెప్పింది. కారణం మాత్రం ఇప్పటికీ తేలలేదు. పోరాడగా పోరాడగా 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి వచ్చింది, హిరమండలం జలాశయం నుంచి తాగునీళ్ళొచ్చాయి. ఒక్క ప్రశ్న మాత్రం ఎవరినీ అడగలేదు: మిట్టమధ్యాహ్నం కూలీని చెట్టెక్కించిందెవరు?

మేమే. కవిటిలో కొబ్బరితోటలున్నవాళ్ళం. దింపుకి చెట్టు లెక్కన కూలి కట్టాం. అలా కడితే నీడన కూర్చున్న ప్రతి పావుగంటా కూలీ సంపాదనలోంచే పోతుంది. అందుకే అతను ఆగడు. 'వాళ్ళే ఆగరండీ' అని మేం చెప్పుకుంటాం. జీడిపిక్కల పనిలో ఆడవాళ్ళకైతే కిలో లెక్క. మరుగుదొడ్డి సరిగా లేనిచోట వాళ్ళు దాహం వేసినా నీళ్ళు తాగరు. దాన్ని ఓర్పు అని మెచ్చుకున్నాం.

మా సముద్రపు గాలి చల్లనిదని గొప్ప. నిజానికి ఆ తేమలో చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లార్చదు. ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీకి చేరే రక్తమూ తగ్గుతుంది. ఆ సమయంలో ఒళ్ళునొప్పుల బిళ్ళ వేసుకుంటే ఇంకా తగ్గుతుంది. ఆ బిళ్ళ నేనే నా చేత్తో ఎందరికో ఇచ్చాను, దయ చూపిస్తున్నాననుకుని.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తోటల్ని కూల్చినప్పుడు చెట్టు చెట్టుకీ పరిహారం రాయించుకున్నాం. చెట్టుతోపాటు కూలీల నీడ కూడా పోయిందని ఎవరికీ తట్టలేదు.

నికరాగువాలో చెరకు నరికే కూలీలకూ ఇలాంటి జబ్బే. కారణంపై అక్కడా వాదన ముగియలేదు. అయినా ఒక చక్కెర మిల్లులో నీళ్ళు, నీడ, విశ్రాంతి ఒక పద్ధతిగా ఇచ్చారు. విశ్రాంతి పెంచాక కోతకాలంలో కిడ్నీలు దెబ్బతినడం తగ్గింది. ఎండే మా జబ్బుకి మూలమని నేను అనను. కానీ కారణం తేలలేదన్న మాట చాటున, ఏ పరిశోధనా అక్కర్లేని పనుల్ని కూడా మానేశాం. పావుగంటకో గ్లాసు నీళ్ళు. తెల్లవారగానే పని మొదలెట్టి ఎండెక్కేలోగా ఆపడం. కొత్త కూలీకి మొదటిరోజే పూర్తి పని పెట్టకపోవడం. వీటిలో దేనికి ప్రభుత్వం కావాలి?

కష్టమైనది ఒక్కటే, కూర్చున్న గంటకీ కూలి ఇవ్వడం. ఈ వేసవిలో లెక్క వేసి చూశాను. రోజుకి నాకు తగ్గేది కొన్ని కొబ్బరికాయలు. ఇన్నాళ్ళూ ఆ కాయల కోసమే కారణం వెతికాం.