సంపాదకుని మాట: పరామితిని ఎంచేదెవరు?

సీటీ స్కాన్‌లో ఎక్స్ కిరణాల కొలతల నుంచి శరీరపు లోపలి చిత్రాన్ని పునర్నిర్మించేటప్పుడు కొలతలోని స్వల్ప దోషం సైతం ఫలితంలో పెద్ద వికృతిగా మారగలదు. ఇలా దత్తాంశం కొద్దిగా కదిలితే సమాధానమే తలకిందులయ్యే వాటిని దుస్థాపిత సమస్యలంటారు. 1963లో గణితవేత్త తిఖోనోవ్ ప్రతిపాదించిన క్రమబద్ధీకరణ, అంటే సమాధానం మితిమీరి ఊగకుండా ఒక అదనపు పదంతో అదుపు చేసే పద్ధతి, దారి చూపింది గానీ, ఆ అదుపు పాళ్లను నిర్ణయించే పరామితి మరీ చిన్నదైతే దోషం పేరుకుపోతుంది, పెద్దదైతే కణితి అంచు కూడా చెరిగిపోతుంది.

ఈ సంచికలోని వ్యాసాలన్నిటినీ కలిపే సూత్రం ఆ పరామితి ఎంపికే. సమాధానం ఎంత నునుపైనదో ముందుగా తెలియనప్పుడు, పరామితిని క్రమంగా మారుస్తూ, వరుస సమాధానాల మధ్య తేడా దోషపు హద్దు దాటగానే ఆగే లెప్‌స్కీ నియమం వంటి అనుకూలన పద్ధతులు మన దృష్టిలో అత్యంత ఫలవంతమైనవి. అయితే దోష పరిమాణం బొత్తిగా తెలియకుండా దత్తాంశం ఒక్కదానితోనే చేసే ఏ ఎంపికా అన్ని సందర్భాల్లోనూ సరైన సమాధానానికి చేర్చలేదని 1984లో గణితవేత్త బకుషిన్‌స్కీ నిరూపించాడు. శిక్షణ చిత్రాల నుంచి యంత్రమే పరామితిని నేర్చుకుంటున్న నేడు ఆ ఫలితాన్ని మళ్లీ చదవడం అత్యవసరం. పరిశోధక మిత్రులు తమ ఫలితాలతోపాటు దోషం గురించి చేసుకున్న ఊహనూ, పరామితిని ఎంచిన నియమాన్నీ తప్పక ప్రకటించాలని మనవి.