వృద్ధుని చేతికి తుపాకియా?

మన సంఘములో ఆదివారపు సాయంకాలములందు కూడుకొను పెద్దలు కొంతకాలముగా ఒకే చర్చలో మునిగియున్నారు. పింఛను లెక్కలు, మోకాళ్ల నొప్పులు, మనుమల చదువులు వెనుకబడి, ఇంటి రక్షణకు ఏ తుపాకి మేలన్న ప్రశ్న ముందునకు వచ్చినది. ఒంటరిగా నున్న వృద్ధదంపతులను నగలకొరకు చంపిరన్న వార్త బెంగుళూరు పత్రికలలో వచ్చినప్పుడెల్ల ఈ చర్చ వేడెక్కును. ఒకరు రివాల్వరందురు, వేరొకరు డబుల్ బ్యారెలందురు. దీపావళి తుపాకి తప్ప మరియొకటి పట్టి యెరుగనివారే అందరును. మేమును అట్టివారమే. అయినను 35 ఏండ్లు గుమాస్తాగా ఫైళ్లు త్రిప్పినవారము గనుక, ఏ పనికైనను ముందు నియమములు చదువుట మాకు అలవాటు. చదివితిమి. డెబ్బదేండ్ల ప్రాయమున తొలిసారిగా తుపాకి కొనుట పొరపాటని మాకు నిశ్చయమైనది. మిత్రులకు కోపము వచ్చినను ఈ మాట అచ్చులోనే చెప్పదలచితిమి.

వారి భయమును మేము హేళన చేయుట లేదు. పిల్లలు పరదేశములందుండగా, రాజాజీనగరములోనో జయనగరములోనో ముప్పది నలువది అడుగుల స్థలములో కట్టుకొన్న ఇంటిలో ఇద్దరు ముసలివారు రాత్రి గడుపుట ఎట్టిదో మాకును తెలియును. కిటికీ చప్పుడైన మేల్కొని తెల్లవారువరకు కూర్చున్న రాత్రులు మాకును కలవు.

తుపాకి మన హక్కని ఒక మిత్రుడు గట్టిగా వాదించుచున్నాడు. 1878 నాటి ఆయుధముల చట్టముతో తెల్లవారు మనలను నిరాయుధులను జేసిరనియు, 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపైబడి తుపాకులనే తీసికొనిపోయెననియు ఆయన వాదము. నిజమే. కాని మన్యపు వీరుడు వానిని దొరతనముతో పోరుటకు తీసికొనెనేగాని తలగడక్రింద పెట్టుకొని నిద్రించుటకు గాదు. ఆ పాత చట్టమును తొలగించి 1959లో మన పార్లమెంటు చేసిన చట్టము 1962 అక్టోబరు 1 నుండి అమలులోనున్నది. బెంగుళూరు నగరములో లైసెన్సు నిచ్చువారు పోలీసు కమిషనరుగారు. కావలసిన కారణము చూపవలయును. ఠాణావారి విచారణ జరుగును. 2016 నాటి నియమముల ననుసరించి తుపాకి వాడుకలో శిక్షణ పొందవలయును, వైద్యుని ధ్రువపత్రము తేవలయును, ఆయుధమును తాళమువేసి భద్రపరచెదనని హామీ వ్రాసి యీయవలయును. ఎన్నికలు వచ్చినప్పుడు ఠాణాలో అప్పగింపుమని ఉత్తరువు వచ్చిన అప్పగింపవలసినదే. మా వీధిలోని విశ్రాంత సుబేదారుగారు తన తుపాకిని గుడ్డలో చుట్టి ఆటోలో ఠాణాకు మోసికొనిపోవుట మేము రెండుమార్లు చూచితిమి. దొంగలు ఎన్నికల కాలములో సెలవు తీసికొందురు కాబోలు!

ఇక ఆయుధముల సంగతి. మనవారి నోట ముందుగా వచ్చునది కాన్పూరులో తయారగు .32 బోరు రివాల్వరు. దానిలోనే తేలికగా, అర కిలో బరువున, 2014లో ‘నిర్భీక్’ అను పేరిట స్త్రీలకొరకని ఒకటి విడుదల చేసిరి. అప్పుడే దాని వెల లక్షా ఇరువదివేలకు పైమాట. వెల పోనిండు. రివాల్వరు చిన్నది గనుక ముసలివారికి సులువన్న తలంపే పెద్ద భ్రమ. గొట్టము పొట్టిదైనకొలది గురి కష్టము. చేయి వెంట్రుకవాసి వణికిన, గది ఆవలి గోడవద్ద గుండు జానెడు తప్పును. సుత్తిని ముందుగా వెనుకకు లాగకుండ ట్రిగ్గరు నొక్కుటకు వ్రేలిలో మంచి బలము కావలయును. కీళ్లవాతముతో మందుసీసా మూతయే తిప్పలేక పొరుగువారి పిల్లవానిని పిలుచు మిత్రులు రివాల్వరు నెట్లు నొక్కుదురో మాకు బోధపడకున్నది.

తుపాకి కొనియే తీరవలెనన్నవారు 12 బోరు పొడుగు తుపాకినే కొనవలయునని సుబేదారుగారు చెప్పిరి. 20 అంగుళములకు తక్కువగాని గొట్టముగల అట్టి తుపాకిని ఆత్మరక్షణకు చట్టమును కొంత అనుకూలముగానే చూచును. భుజమున కానించి రెండుచేతులతో పట్టుటవలన గురి నిలుచును. ఆ మాట మేమును ఒప్పుకొందుము. కాని గురిచూడకున్నను ఆ రవ్వలు గదియంతట చిమ్మునన్న మాట ఉత్తది. పది పండ్రెండడుగుల దూరములో అవి అరచేతి వెడల్పునకు మించి విచ్చుకొనవు. సుబేదారుగారు తమ తుపాకిని ఖాళీచేసి, రెండు గొట్టములను మాకు చూపి, మా చేతికిచ్చిరి. బరువు సుమారు 3 కిలోలు. ఎత్తి భుజమునకు చేర్చి పది లెక్కించునంతలో మా ఎడమచేయి వణకసాగినది. అందులో దీపము వెలుగుచుండెను, కండ్లజోడు మా ముక్కుపైననే యుండెను, మమ్ము తరుముకొనివచ్చువా డెవడును లేడు. అర్ధరాత్రివేళ, శుక్లములు క్రమ్మిన కంటితో, కండ్లజోడు వెదకికొని, బీరువా తాళము తీసి, తూటాలు వేరొక సొరుగునుండి తెచ్చి నింపి, ఎదుటి నీడ దొంగయో, దాహమై లేచిన ఇల్లాలో తేల్చుకొనవలయును! తాళము వేయక దిండుక్రింద ఉంచెదమందురా? వేసవి సెలవులకు మనుమడు వచ్చును. దిండ్లతో కోటలు కట్టుట వానికి ఇష్టము.

అన్నిటికంటె మించిన సంగతి వేరొకటి గలదు. ముసలివారిని చంపి దోచినవారిని గూర్చిన వార్తలను శ్రద్ధతో చదువుడు. తలుపు పగులగొట్టి వచ్చినవాడు అరుదు. పలుమార్లు తలుపు తీసినది ఇంటివారే. వచ్చినవాడు నిరుడు సున్నము వేసినవాడో, కొళాయి బాగుచేసినవాడో, పని మానిపించిన పనిమనిషికి చుట్టమో, అప్పు తీసికొన్న ఎరుకవాడో. పట్టపగలు పదకొండు గంటలకు మంచినీళ్లడిగి లోనికి వచ్చినవానిపై ఏ తుపాకి పేలును? పైగా ఇంట తుపాకి యున్నదని పనివారికి తెలిసినచో అదియును దోచుకొనదగిన సొమ్ములలో చేరును.

కొడగువారి ఇండ్లలో తుపాకులు లేవా అని మమ్మడుగుచున్నారు. కలవు. కొడవలకు బ్రిటిషువారినాటినుండి వచ్చుచున్న లైసెన్సు మినహాయింపును ప్రభుత్వము 2019లో మరి పదేండ్లకు పొడిగించినది. కాని వారు కైల్ పొళ్దు పండుగనాడు పూజించు ఆయుధమును పసితనమునుండి చూచినవారు, పట్టినవారు. మనము దసరాకు పూజచేసినది టైపుమిషనుకును సైకిలుకును.

డల్లాసునుండి కుమారుడు ఫోనులో, ‘ఇక్కడ ప్రతి ఇంటను ఉండును నాన్నా’ అని చెప్పెనట. ప్రతి ఇంట లేదు. పెక్కిండ్లలో ఉన్నమాట నిజము. అచ్చటనే మూడు కౌంటీలలో జరిపి 1993లో ఒక వైద్యపత్రికలో ప్రకటించిన పరిశోధనలో, తుపాకియున్న ఇంట ఇంటివారు హత్యకు గురియగు అపాయము 2.7 రెట్లని తేలినది. చంపినవారిలో అధికులు బంధువులు, ఎరుకవారు. దానిపై అచ్చటివారు ఈనాటికిని వాదులాడుకొందురు. కాని ఆ దేశపు వృద్ధుల ఆత్మహత్యలలో అధికభాగము తుపాకితోనే జరుగుననుటలో వాదము లేదు. భార్య పోయిన మొదటి ఏడు మగవానికి ఎట్లు గడచునో మన సంఘములో నలుగురైదుగురికి తెలియును. ఆ ఏడు ఇంట తుపాకి లేకుండుటయే మేలు.

గురి తప్పకున్నను చిక్కు తీరదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత ఆత్మరక్షణ హక్కు నిచ్చినది. అవసరమునకు మించిన హాని చేయరాదనియు చెప్పినది. పారిపోవువాని వీపున కాల్చిన పెద్దమనిషి మిగిలిన ఆయువును కోర్టు మెట్లపై గడపవలయును.

కుమారులు పంపెదమన్న లక్షను మిత్రులు కాదనవద్దు. దానితో ముందు తలుపునకు గొలుసును చూపురంధ్రమును, బయట వాకిట ఇనుపగ్రిల్లును, రాత్రియంత వెలుగు దీపమును పెట్టించుడు. బంగారమును బ్యాంకు లాకరులో నుంచి, ఇంట లేదని పనివారికి తెలియనిండు. 2002లో నగర పోలీసులును నైటింగేల్స్ మెడికల్ ట్రస్టువారును కలిసి వృద్ధులకై 1090 సహాయవాణిని నెలకొల్పిరి. ఆపదకు 112 ఎట్లును కలదు. ఈ అంకెలను పెద్ద అక్షరములతో వ్రాసి ఫోను ప్రక్క అంటింపుడు. ఉదయము ఎనిమిదింటికి పొరుగువారితో ఒకమాట, రాత్రి తొమ్మిదింటికి ఒకమాట. ఇది మన సంఘమే ఏర్పాటు చేయదగిన పని. సంక్రాంతికి ముగ్గుల పోటీలు పెట్టు సంఘము, ఒంటరిగా నున్న సభ్యుల పట్టికనైన ఇంతవరకు వ్రాసికొనకపోవుట మాకు సిగ్గుగానున్నది. మేము కార్యవర్గములో రెండేండ్లుంటిమి. ఆ సిగ్గులో మా పాలును కలదు.

రివాల్వరు కోరిన మిత్రుని దరఖాస్తు ఇంకను ఆయన బల్లసొరుగులోనే యున్నది. ఫొటోలుకూడ తీయించి సిద్ధముగా నుంచినారు. వచ్చు ఆదివారము ఉదయము మేము వడ్రంగిని వెంటబెట్టుకొని వారింటికి పోవుచున్నాము. గొలుసు, చూపురంధ్రము మేమే కొని యుంచితిమి.