చట్టం చందాపుర దాకా రాలేదు

మాది దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన కథలు వింటూ పెరిగాను. ఇప్పుడక్కడ తుపానుకు ముందే హెచ్చరిక అందుతుంది, తలదాచుకోవడానికి షెల్టరుంది. బెంగళూరు శివారు చందాపురలో పన్నెండేళ్లుగా ఉంటున్నా, కుండపోత పడితే ఎటు పోవాలో నాకెవరూ చెప్పలేదు. మా వీధి నీళ్లు చెరువుకు దారి వెతుక్కుంటాయి. ఆ దారిలో మా అపార్టుమెంటు పార్కింగ్ ఉంది. (తప్పు నీళ్లదా?)

2005 విపత్తు నిర్వహణ చట్టాన్ని 2025లో సవరించారు. రాష్ట్ర రాజధానులకు, నగరపాలక సంస్థలున్న ఊళ్లకు పట్టణ విపత్తు నిర్వహణ సంస్థలు పెట్టుకోవచ్చన్నారు. చందాపురది పురసభ, నగరపాలక సంస్థ కాదు. చిరునామాలో బెంగళూరువాళ్లం, ఆ సవరణలో కాదు. మాకు జిల్లా సంస్థే దిక్కు.

పురసభలనూ చేర్చండి. అంతవరకూ జిల్లా ప్రణాళికలో మా ఊరికి రాసిందేమిటో కన్నడంలో, తెలుగులో, తమిళంలో పురసభ గోడకు అంటించండి.