సబ్హాన్‌లో సగం ఉద్యోగం దొరకదు

డల్లాస్‌లో ఉండే నా ఇంజినీరింగ్ స్నేహితుడు మొన్న గురువారం సాయంత్రం ఫోన్ చేసి గంటసేపు క్లాసు పీకాడు. "ఇంకా ఎన్నాళ్ళురా ఆ ఎండలో? ముందు పార్ట్‌టైమ్‌కి మారిపో. నీ ఏడాది ఖర్చుకి పాతిక రెట్లు పోగవగానే హాయిగా రిటైరైపో" అన్నాడు. వాడు ఈమధ్య వారానికి మూడు రోజులే పని చేస్తున్నాడు. మిగతా రోజుల్లో పెరట్లో బీరకాయలు పండిస్తున్నాడు. నాకు అసూయ లేదంటే అబద్ధమే.

కానీ ఈ ఉపదేశం ఇప్పుడు గల్ఫ్‌లో మన కుర్రాళ్ళు కూడా వల్లె వేస్తున్నారు. అందుకే ఈ టపా. నా వాదన ఒక్కటే. అమెరికాలో పుట్టిన ఈ లెక్క గల్ఫ్‌కి సరిపోదు. సరిపోతుందని నమ్మితే బతుకంతా "ఇంకో రెండేళ్ళు" అంటూనే గడిచిపోతుంది.

తెలియని వాళ్ళ కోసం చెప్తున్నా, సబ్హాన్ అంటే కువైట్ ఎయిర్‌పోర్ట్ దగ్గరున్న పారిశ్రామికవాడ. పాలు, ఐస్‌క్రీం, బ్రెడ్డు చేసే ఫ్యాక్టరీలు, ప్రింటింగ్ ప్రెస్సులు, గోడౌన్లు. అందులో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో కూర్చుని వాళ్ళ స్టాకు, జీతాలు, బిల్లుల సాఫ్ట్‌వేర్ చూస్తుంటాను. పేరుకి కన్సల్టెంట్‌ని. వచ్చి 14 ఏళ్ళయింది. నాకిప్పుడు 46.

ముందు పార్ట్‌టైమ్ సంగతి చూద్దాం. కువైట్‌లో పార్ట్‌టైమ్ ఉంది. 2024 జనవరి నుంచి సహెల్ యాప్‌లోనే పర్మిట్ ఇస్తున్నారు. నెలకి 5 దినార్లు, ఏడాదికైతే 30. అసలు యజమాని ఒప్పుకోవాలి, రోజుకి 4 గంటలు మించకూడదు. చదవగానే నేనూ సంబరపడ్డాను. తర్వాత అర్థమైంది, ఇది అసలు ఉద్యోగానికి *బదులు* కాదు, దాని *మీద* ఇంకోటి. చట్టం ప్రకారం వారానికి 48 గంటల దాకా ఒకచోట పని చేసి, ఆ పైన ఇంకోచోట రోజుకి 4 గంటలు చేసుకోవచ్చన్నమాట. పగలు బడి, రాత్రి ట్యూషన్లు చెప్పే మన పంతుళ్ళకి ఇది కొత్తేమీ కాదు. డల్లాస్‌లో పార్ట్‌టైమ్ అంటే తక్కువ పని, ఇక్కడ ఎక్కువ పని. మాట ఒకటే, అర్థం తలకిందులు.

అయినా ఆశ చావక మా కంపెనీలో అడిగాను. సగం పని, సగం జీతం ఇస్తారా అని. "పాత కాంట్రాక్ట్ పక్కన పెట్టి కొత్తది రాద్దాం" అన్నారు చాలా ప్రేమగా. ఇంటికొచ్చి లెక్క వేశాను.

2010 నాటి 6వ నంబరు కార్మిక చట్టం ప్రకారం నెల జీతగాళ్ళకి మొదటి ఐదేళ్ళకి ఏడాదికి 15 రోజుల జీతం, తర్వాత ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం చొప్పున ఇండెమ్నిటీ వస్తుంది. మొత్తం ఏడాదిన్నర జీతం దాటకూడదు. రోజు జీతమంటే నెల జీతంలో 26వ వంతు. నా జీతం 1040 దినార్లు, అంటే రోజుకి 40. మొదటి ఐదేళ్ళకి 75 రోజులు, 3000. మిగతా తొమ్మిదేళ్ళకి 9360. మొత్తం 12,360 దినార్లు. కానీ లెక్క కట్టేది *చివరి* జీతం మీద. పాత లెక్క తేల్చకుండా సగం జీతానికి సంతకం పెట్టేసి, ఏడాది తర్వాత మానేశాననుకోండి. ఆ 14 ఏళ్ళనీ సగం జీతంతోనే లెక్కగడితే చేతికొచ్చేది 6180. అలా లెక్కగట్టడం తప్పని నేను కోర్టుకెక్కి వాదించుకోవాలి. ఈ ముక్క పాతిక రెట్ల పాఠంలో ఎక్కడా లేదు.

ఇక రిటైర్మెంట్. అమెరికాలో కాగితాలు కుదిరినవాడు ఉద్యోగం మానేసినా ఆ ఇంట్లోనే ఉంటాడు. వయసొస్తే సోషల్ సెక్యూరిటీ, 65కి మెడికేర్. ఇక్కడ నా అకామా ఉద్యోగంతో ముడిపడి ఉంది. ఉద్యోగం పోతే కువైటే పోతుంది. 2025 జులై నుంచి 18వ ఆర్టికల్ వీసా మీదున్న మేం ఊరెళ్ళాలన్నా యజమాని ఆమోదించిన ఎగ్జిట్ పర్మిట్ ఉండాలి. ఇక్కడి పెన్షన్ వ్యవస్థ మనలాంటి వాళ్ళకి కాదు. మన ప్రభుత్వం 2012లో గల్ఫ్ కార్మికుల కోసం మహాత్మాగాంధీ ప్రవాసీ సురక్షా యోజన అని ఒకటి పెట్టింది, చేరినవాళ్ళు లేక 2017లో మూసేసింది. మెల్లగా దిగడానికి ఇక్కడ మెట్లు లేవు, ఒక్కసారే దిగాలి.

పోనీ ఆ పాతిక రెట్లైనా శాస్త్రమా? 1994లో విలియం బెంగెన్ అనే అమెరికా ఆర్థిక సలహాదారు వాళ్ళ షేర్లు, బాండ్ల చరిత్ర 1926 నుంచీ తిరగేసి, మొదటి ఏడాది 4 శాతం తీసుకుని, తర్వాత ధరలతో పాటు పెంచుకుంటూ పోతే డబ్బు కనీసం 30 ఏళ్ళు వస్తుందని చూపించాడు. వాళ్ళ డాలరు, వాళ్ళ మార్కెట్టు, వాళ్ళ ధరలు. నేను 46కి మానేస్తే ఆ 30 ఏళ్ళు 76తో సరి. మా అవ్వ 91 దాకా బతికింది! ఆయన లెక్క తప్పనడం లేదు, రాజంపేటలో ఆసుపత్రి బిల్లుకి ఆ లెక్క వేయలేదంటున్నా, అంతే.

"అయితే ఇంకా ఎక్కువ పోగెయ్, ఇంకో రెండేళ్ళుండు" అంటారు మా రూమ్మేట్లు. అసలు పోట్లాట ఈ మాటతోనే. ఆ రెండేళ్ళు మన చేతిలో ఉన్నాయని ఎవరు చెప్పారు? 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చేదాకా ఇక్కడి మనవాళ్ళు కూడా ఇంకో రెండేళ్ళనే అనుకున్నారు. లక్షా 70 వేల పైచిలుకు భారతీయులని అమ్మాన్ మీదుగా విమానాల్లో తరలించారు. కట్టుబట్టలతో దిగినవాళ్ళు మా వైపు ఊరూరా ఉన్నారు. 2020లో కరోనా వచ్చింది. ఉద్యోగాలు పోయినవాళ్ళు వందే భారత్ విమానాలెక్కారు. నా భార్యా పాపా అప్పుడు వెళ్ళినవాళ్ళే, మళ్ళీ రాలేదు. 2021 జనవరి నుంచి డిగ్రీ లేని 60 దాటినవాళ్ళకి వర్క్ పర్మిట్లు రెన్యూ చేయడం ఆపేశారు, తర్వాతేడాది పెద్ద ఫీజులు పెట్టి సడలించారు. వాళ్ళలో ఎవరినీ "నీ పాతిక రెట్లు పూర్తయ్యాయా" అని అడగలేదు.

"నీకేం, సాఫ్ట్‌వేర్ వాడివి, ఇలాంటివి ఆలోచించుకునే వెసులుబాటుంది" అంటారేమో. న్యాయమైన మాటే. మా పక్క బేకరీలో ప్యాకింగ్ చేసే రాయచోటి అబ్బాయికి 130 దినార్లు, 11 ఏళ్ళ సర్వీసు. నేను లెక్కలు వేసుకుంటుంటే చూసి, "అన్నా, నాకూ ఆ లెక్క జూడన్నా" అన్నాడు. రోజుకి 5 చొప్పున 75 రోజులకి 375, ఆరేళ్ళకి 780. మొత్తం 1155. అతను అలాగే చూస్తూ ఉండిపోయాడు. "ఇది కంపెనీవాళ్ళు దయదలిచి ఇచ్చేది అనుకుంటి గదన్నా!" అన్నాడు. పదేళ్ళు దాటాక తనంతట తను రాజీనామా చేసినా పూర్తిగా ఇవ్వాల్సిందేనని, మూడేళ్ళలోపు మానేస్తే ఏమీ రాదని కూడా అతనికి తెలియదు. అతనికి పాతిక రెట్లు ఈ జన్మలో కుదరవు. కానీ ఒక తేదీ కుదురుతుంది. చెల్లెలి పెళ్ళి అప్పు తీరే నెల. అందుకే అంటున్నా, గల్ఫ్ వాడు పెట్టుకోవాల్సింది అంకె కాదు, తేదీ. అంకె ఏటా పెరుగుతుంది. ఇల్లు కడితే పై అంతస్తు, అది కడితే తిరుపతిలో ప్లాటు. తేదీ అలా జరగదు, మనం జరిపితే తప్ప.

నా తేదీ నేను పెట్టేసుకున్నాను. పాప ఇప్పుడు తొమ్మిదో తరగతి. వచ్చే ఏడాది సెప్టెంబర్‌లో రాజీనామా ఇస్తాను. నోటీసు మూడు నెలలు. డిసెంబర్‌కి ఇంట్లో ఉంటాను, మార్చిలో దాని పదో తరగతి పరీక్షలు. ఇక్కడ దొరకని సగం పని అక్కడ దొరుకుతుంది. ఇద్దరు పాత క్లయింట్లు ఇంటి నుంచి రోజుకి నాలుగు గంటలు చేసిపెట్టమంటున్నారు. వచ్చేది ఇప్పటి జీతంలో మూడో వంతు. చాలుతుందా అంటే, ఇల్లు సొంతం, అప్పు లేదు, కారు కొనను. గట్టిగా చాలుతుందని మాత్రం చెప్పలేను.

అమ్మకి చెప్తే సంతోషిస్తుందనుకున్నా. "వచ్చి ఏం జేస్తావు నాయనా? ఊళ్ళో ఏమనుకుంటారు, పని పోయిందనుకోరా?" అంది. మా ఆవిడ మాత్రం "మీరు ముందు టికెట్ చేయించండి, ఊరి సంగతి నేను చూసుకుంటా" అంది. పాప ఏమీ అనలేదు. ఏటా నెల రోజులొచ్చి పోయే నాన్న అలాంటివి చాలా చెప్పాడు మరి. ఐదేళ్ళ కింద కూడా "ఇంకో రెండేళ్ళే తల్లీ" అన్నది నేనే.

మీలో ఎవరైనా ఇలా తేదీ పెట్టుకుని నిజంగా వెళ్ళిపోయినవాళ్ళుంటే, వెళ్ళాక ఎలా ఉందో చెప్పండి. మంచైనా చెడైనా సరే. డల్లాస్ వాడికి మాత్రం నేనే ఫోన్ చేస్తాను, బీరవిత్తనాలు ఏ నెలలో నాటాలో అడగాలి.