బస్సు హోరు కోసం పాటను చెక్కేయొద్దు

ఒకే పెన్‌డ్రైవ్‌లో ‘పాతాళభైరవి’ నాటి ఘంటసాల పాట, నిన్నగాక మొన్న వచ్చిన సినిమా పాట పక్కపక్కన ఉంటే కారు స్టీరియో మీంచి చెయ్యి తియ్యడం కష్టం. పాత పాట సరిగా వినపడటం లేదని సౌండ్ పెంచుతారు. అది అయిపోగానే కొత్త పాట చెవుల మీద విరుచుకుపడుతుంది. కిటికీ అద్దం దించి హైవే ఎక్కితే ఇంకో తంటా: పల్లవి వినిపిస్తుంది, ఆలాపన గాలిలో కలిసిపోతుంది. ఇవి రెండూ వేర్వేరు సమస్యలు. రెండింటికీ సౌండ్ పెంచడమే మందు అనుకోవడం దగ్గరే చిక్కంతా వస్తోంది.

మొదటిదానికి పరిష్కారం ఎప్పుడో దొరికింది. 2001లో డేవిడ్ రాబిన్సన్ ‘రీప్లేగెయిన్’ అనే పద్ధతిని ప్రతిపాదించాడు. పాట చెవికి ఎంత గట్టిగా తోస్తుందో కంప్యూటర్ ముందే లెక్కగట్టి, ఆ అంకెను ఫైలుకు చీటీలా తగిలిస్తుంది. ప్లేయర్ ఆ చీటీ చూసి సౌండ్ సర్దుతుంది, పాట జోలికి పోదు. ‘ఎంపీ3గెయిన్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఫైలులోని గెయిన్ అంకెను 1.5 డెసిబెల్స్ చొప్పున మెట్లుమెట్లుగా మారుస్తుంది. పాటను మళ్లీ ఎన్‌కోడ్ చేయదు కాబట్టి నాణ్యత పోదు, వద్దనుకుంటే వెనక్కి తిప్పుకోవచ్చు. అయితే ఇష్టమొచ్చినంత పెంచడానికి లేదు. సీడీ నాణ్యత గల 16 బిట్ల ఆడియోలో ఏ శాంపిలూ 32,767 దాటలేదు. అంతకు మించి నెడితే శబ్దతరంగం కొసలు తెగి, పాట బరబరమంటుంది.

రెండోది అసలు సమస్య. ఇక్కడ హెచ్చుతగ్గులు పాటకూ పాటకూ మధ్య కాదు, ఒకే పాట లోపల ఉన్నాయి. బస్సులో హోరు 70 డెసిబెల్స్ ఉందనుకుందాం. వీణ మీద మెల్లగా సాగే తానం దాన్ని దాటి వినపడాలంటే కనీసం 75 కావాలి. అదే కచేరీలో మృదంగం ఊపందుకునే ఘట్టం అంతకంటే 25 డెసిబెల్స్ ఎక్కువుంటే, చెవిలో పడేది 100. పని ప్రదేశాల్లో చప్పుడుకు అమెరికా సంస్థ నియోష్ సూచించిన హద్దు 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు 8 గంటలు. ఆపైన 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగానికి సగం తగ్గుతుంది. ఆ లెక్కన 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలే. హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా ఇయర్‌ఫోన్స్ తియ్యకుండా వెళ్లేవాళ్లకు ఈ అంకె చాలు, బెంగ పెట్టుకోవడానికి.

అందుకే హోరున్న చోట కావలసింది మొత్తం సౌండ్ పెంచడం కాదు, చిన్న ధ్వనికీ పెద్ద ధ్వనికీ మధ్య దూరం తగ్గించడం. సౌండ్ ఇంజనీర్లు దీన్ని కంప్రెషన్ అంటారు. ఈ పని ఎవరు, ఎక్కడ చేయాలన్నదే ప్రశ్న. చాలా ఏళ్లుగా రికార్డింగ్ కంపెనీలే చేసేశాయి. ఒకరికి మించి ఒకరు గట్టిగా వినపడాలనే పోటీలో పాటకు చివరి మెరుగులు దిద్దే మాస్టరింగ్ దశలోనే దాన్ని నొక్కిపెట్టాయి. 2008లో వచ్చిన రాక్ బృందం మెటాలికా ఆల్బమ్ ‘డెత్ మాగ్నెటిక్’ ఇందుకు పేరుమోసిన ఉదాహరణ. అవే పాటలు గిటార్ హీరో వీడియో గేమ్‌లో అంత నొక్కుడు లేకుండా వినపడేసరికి, ఆల్బమ్‌ను మళ్లీ మిక్స్ చేయాలంటూ వేల మంది అభిమానులు సంతకాలు పెట్టారు.

వడ్డించాక ఉప్పు కలుపుకోవచ్చు, వంటలోనే ఎక్కువైతే తీయలేం. బస్సు కోసం నొక్కేసిన పాటను రాత్రి ఇంట్లో నిశ్శబ్దంగా వింటున్నప్పుడు మళ్లీ విప్పుకోవడం ఎవరి తరమూ కాదు.

పైగా ఆ పోటీకి ఇప్పుడు అర్థం లేదు. స్పాటిఫై మామూలుగా పాటలన్నిటినీ మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ (చెవికి తోచే గట్టిదనాన్ని కొలిచే ప్రమాణం) అనే ఒకే కొలతకు తెస్తుంది. ఎంత గట్టిగా చేసి పంపినా అక్కడ దించేస్తారు, మిగిలేది నలిగిపోయిన పాట. హోరున్న చోట వినేవాళ్ల కోసం అదే యాప్‌లో మైనస్ 11 దగ్గర ‘లౌడ్’ అనే సెట్టింగ్ ఉంది. యూట్యూబ్‌లో ‘స్టేబుల్ వాల్యూమ్’ ఉంది. కంప్యూటర్‌లో వీఎల్‌సీ వాడేవాళ్లకు అందులోనే కంప్రెసర్ ఉంది. కొన్ని కార్లు వేగాన్ని బట్టి సౌండ్‌ను తామే పెంచి తగ్గిస్తాయి. సర్దుబాటు జరగాల్సింది ఇలాగే, వినే చోట, వినేవాళ్ల చేతిలో. వద్దనుకుంటే ఆపేయగలిగేలా.

సౌకర్యం ఉన్నా మెనూల అడుగున దాక్కుని ఉండటం పెద్ద లోపం. ఫోన్లు, కారు స్టీరియోలు తయారుచేసేవాళ్లు ‘ప్రయాణం’ అనే ఒక్క బటన్‌ను ముందు తెరమీదే పెడితే సగం గొడవ తీరుతుంది. మన స్టూడియోలు ఆలాపనకు ఆలాపనంత చోటు ఉంచి పాటను పంపాలి. ఇక ప్రయాణికులు వాల్యూమ్ బటన్ నొక్కే ముందు, బయటి హోరును అడ్డుకునేలా చెవిలో బిగుతుగా కూర్చునే ఇయర్‌ఫోన్స్ ప్రయత్నించాలి. హోరు తగ్గితే పాటను పెంచక్కర్లేదు. రోడ్డు దాటేటప్పుడు మాత్రం వాటిని తీసి జేబులో పెట్టుకోవాలి. పెద్దవాళ్లకు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్ అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు. ఆ హద్దు పాటకైనా, హోరుకైనా ఒకటే.