ఆపరేషన్ ఎప్పుడూ ఆమెకేనా?

కామాటిపుర చాళ్లలోనైనా, పాలమూరు పల్లెల్లోనైనా, గుంటూరు పేటల్లోనైనా మన తెలుగు ఇళ్లలో ఒకటే తంతు. అమ్మాయి కాన్పుకు పుట్టింటికి వెళ్తుంది. రెండో బిడ్డ పుట్టగానే "పనిలో పని, ఆపరేషన్ కూడా అయిపోతుంది" అంటారు అత్తగారు. అయిపోతుంది. కుట్లు సరిగ్గా మానకముందే ఆమె చాల్‌కు తిరిగొచ్చి, కుళాయి దగ్గర బిందె నింపుకుని మెట్లెక్కుతుంది. భర్తకు ఒక్క పూట కూలి కూడా పోదు. ఆపరేషన్ ఎవరికి చేయించాలన్న ప్రశ్నే ఆ ఇంట్లో రాదు.

ఆ ప్రశ్న మేము అడుగుతున్నాం. సంఘంలో అడుగుతున్నాం, యువకులనూ అడుగుతున్నాం.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం దేశంలో పెళ్లైన స్త్రీలలో దాదాపు 38 శాతం మంది ఆపరేషన్ మీదే ఆధారపడ్డారు. మగవాళ్ల ఆపరేషన్ మీద ఆధారపడిన జంటలు 0.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఆపరేషన్ అయిన స్త్రీలు సుమారు 70 శాతం. గర్భనిరోధం ఆడవాళ్ల పని, మగవాడు దాని గురించి ఆలోచించనక్కర్లేదు అని అదే సర్వేలో 35 శాతం మంది మగవాళ్లు ఒప్పుకున్నారు. నోటితో అన్నది 35 శాతమే. చేతల్లో చూస్తే దాదాపు అందరూ.

వైద్యం ఏం చెబుతోంది? స్త్రీకి చేసే ట్యూబెక్టమీలో పొట్ట లోపలికి వెళ్లాలి. పురుషుడికి చేసే కోత, కుట్టు లేని వేసెక్టమీకి చిన్న రంధ్రం చాలు. మత్తు అంతవరకే. కొద్ది నిమిషాల పని, అదే రోజు ఇంటికి. తర్వాత మూడు నెలలు కండోమ్ వాడి, వీర్య పరీక్షలో కణాలు లేవని తేలాక నిశ్చింత. "మగతనం పోతుంది" అన్నది వట్టి మాట. మగ హార్మోన్ నేరుగా రక్తంలో కలుస్తుంది, ఆ నాళం గుండా పోదు. ఇంత తేలికైన దారి ఉండగా పెద్ద ప్రమాదాన్ని ఆడవాళ్ల మీదికే తోస్తున్నాం. 2014లో ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ జిల్లా శిబిరంలో కొన్ని గంటల్లోనే 83 మందికి ఆపరేషన్లు చేశారు, పదిమందికి పైగా స్త్రీలు చనిపోయారు. 2022 ఆగస్టులో మన ఇబ్రహీంపట్నంలో 34 మందికి చేస్తే నలుగురు తల్లులు పసిబిడ్డలను వదిలి వెళ్లిపోయారు. వాళ్లెవరూ జబ్బుతో ఆసుపత్రికి పోలేదు. ఆరోగ్యంగా నడిచి వెళ్లారు.

మగవాళ్ల భయానికి కారణమే లేదని మేము అనం. 1960ల చివర్లో బొంబాయి రైల్వే స్టేషన్లలోనే వేసెక్టమీ కేంద్రాలు నడిచాయి. తర్వాత ఎమర్జెన్సీ వచ్చింది. 1976–77లో దేశమంతటా 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి, వాటిలో 60 లక్షలకు పైగా మగవాళ్లవి. ఎందరినో బలవంతంగా లాక్కెళ్లారు, అందులో పేదలే ఎక్కువ. అది అన్యాయం. కానీ ఆ అన్యాయాన్ని సరిదిద్దిన తీరు చూడండి: బలవంతం మానే బదులు, బరువంతా ఎదురు చెప్పలేని ఆడవాళ్ల మీదికి మార్చారు. ఇప్పుడు గాలి తిరిగి, ఎక్కువ మందిని కనమని నాయకులు చెబుతున్నారు. తక్కువ కనమన్నా, ఎక్కువ కనమన్నా ఆజ్ఞ ఆమె కడుపుకే.

కామాటిపురకు ఇంకో పాఠం తెలుసు. ఎయిడ్స్ భయం కమ్మిన 1990లలో ఇక్కడి గల్లీలలో కండోమ్ మాట ఎత్తే పని కూడా ఆడవాళ్ల మీదే పడింది. పూట గడవని సెక్స్ వర్కర్ వచ్చిన మగవాడిని బతిమాలి ఒప్పించాలి. అదే మాట మన చాల్‌లో భార్య ఎత్తితే "నామీద అనుమానమా?" అని గద్దింపు. ఆపరేషన్ అయిన భార్యకు గర్భం రాకపోవచ్చు, భర్త తెచ్చిన జబ్బు మాత్రం వస్తుంది.

ఈ నగరంలోనే 1921లో రఘునాథ్ కర్వే గర్భనిరోధ కేంద్రం తెరిచారు. అప్పుడాయన విల్సన్ కాలేజీలో గణితం చెప్పేవారు. అది మిషనరీలు పెట్టిన కాలేజీ. ఈ మాటలు బాహాటంగా మాట్లాడినందుకు ఆయన ఉద్యోగం వదులుకోవలసి వచ్చింది. ఆయన పత్రిక 'సమాజ్ స్వాస్థ్య' మీద అశ్లీలత కేసు పెడితే 1934లో కోర్టులో వాదించింది పరేల్ చాల్‌లో ఏళ్ల తరబడి బతికిన డాక్టర్ అంబేద్కర్. 1938 నవంబరులో అంబేద్కర్ పార్టీ బొంబాయి శాసనసభలో సంతాన నియంత్రణ తీర్మానం పెట్టింది. అది ఓడిపోయింది. చాల్ గదిలో వరుస కాన్పులు ఒక తల్లిని ఏం చేస్తాయో ఆ మనిషికి తెలుసు. మన పులిపీఠాలకు తెలియదా?

వాక్యం దగ్గరికే వద్దాం. భార్యలు లోబడాలన్న వచనం మన పెళ్లిళ్లలో ప్రతిసారీ వినబడుతుంది. దాని కిందనే భర్త క్రీస్తులాగా తనను తాను అప్పగించుకోవాలని ఉంది (ఎఫెసీ 5:25). భర్త దేహం మీద భార్యకూ అధికారం ఉందని పౌలు రాశాడు (1 కొరింథీ 7:4). త్యాగం గురించి ప్రసంగించే మనం, ఆ త్యాగానికి దేహాన్ని మాత్రం ఆమెనే ఇమ్మంటున్నాం. ద్వితీయోపదేశకాండము 23 చూపించి వేసెక్టమీ పాపమనేవారు అపొస్తలుల కార్యములు 8 కూడా చదవాలి. ఐతియొపీయుడైన నపుంసకుడికి ఫిలిప్పు బాప్తిస్మం ఇవ్వడానికి వెనకాడలేదు. కథోలిక సహోదరులు కృత్రిమ పద్ధతులు ఒప్పుకోరు. అయితే వాళ్ల సంఘం చెప్పే సహజ పద్ధతికి భర్త నిగ్రహమే ఆధారం. అక్కడా మగవాడికి మినహాయింపు లేదు.

అందుకే మేము కోరేది ఇది. కాపరులు పెళ్లికి ముందు ఇచ్చే బోధలో పెళ్లికొడుకుతో ఈ సంగతి సూటిగా మాట్లాడాలి. ఎంతమంది, ఎప్పుడు అన్నది భార్యాభర్తలు కలిసి తేల్చుకోవాలి, మోసేది ఆమె గనుక చివరి మాట ఆమెది కావాలి. బిడ్డల మధ్య ఎడం కావాలంటే కండోమ్ భర్త బాధ్యత. ఇక పిల్లలు చాలనుకున్నప్పుడు, అది శాశ్వతమని తెలుసుకుని, ముందు తన ఆపరేషన్ గురించి డాక్టరును అడగాల్సింది భర్తే. బలవంతం ఎవరి మీదా వద్దు, ఆమె మీద కూడా.

యువకులారా, మీ తల్లి పొట్ట మీద ఆ మచ్చ ఉండే ఉంటుంది. దాన్ని మీ భార్యకు వారసత్వంగా ఇవ్వకండి.