పెళ్ళికి ముందు అనుమతి

కిందటి నెల ఒక శిక్షణ శిబిరంలో ముత్తమ్మ కేసు గురించి చెప్తుంటే వెనక వరుసలోంచి ఒక కార్యకర్త లేచి, "అవన్నీ పెద్ద ఆఫీసరమ్మల కష్టాలు మేడం, మా బస్తీలో ఇళ్ళల్లో పనిచేసుకునే ఆడవాళ్ళకి వాటితో ఏం పని?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. అప్పుడేదో జవాబు చెప్పాను కానీ అది నాకే తృప్తినివ్వలేదు. ఆమెకు బాకీ పడిన జవాబే ఈ సంపాదకీయం.

ముందు ఒక రాయబారి సంగతి. కేరళలోని మలప్పురంలో పుట్టిన నిరుపమా రావు 1973లో విదేశాంగ సర్వీసులో చేరారు. 2004లో శ్రీలంకకు హైకమిషనర్‌గా వెళ్ళారు (కామన్వెల్తు దేశాల మధ్య రాయబారిని అలా పిలుస్తారు). 2006లో చైనాకు రాయబారి అయ్యారు. రెండు చోట్లా ఆ కుర్చీలో కూర్చున్న తొలి భారతీయ స్త్రీ ఆమే. కొలంబో వెళ్ళిన కొద్ది నెలలకే సునామీ వచ్చింది. 2008 మార్చిలో, ఢిల్లీలోని చైనా ఎంబసీలోకి టిబెటన్ నిరసనకారులు చొరబడ్డారని, బీజింగ్‌లో ఆమెను రాత్రి రెండు గంటలకు విదేశాంగ శాఖకు పిలిపించారు. 2009లో ఆమె మన విదేశాంగ కార్యదర్శి అయ్యారు, తర్వాత అమెరికాకు రాయబారిగా వెళ్ళారు.

"తొలి మహిళ" అని పత్రికలు రాసినప్పుడల్లా మనకు సంతోషం కలుగుతుంది. కలగాలి కూడా. కానీ స్వాతంత్ర్యం వచ్చింది 1947లో కదా, బీజింగ్‌కు ఒక స్త్రీని పంపడానికి 2006 దాకా ఎందుకు పట్టిందని ఎవరూ అడగరు. అర్హులైన స్త్రీలు లేక కాదు. 1973లో నిరుపమా రావు చేరేనాటికి ఆ సర్వీసులో 1961 నాటి నిబంధనలు అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం స్త్రీ అధికారి పెళ్ళి చేసుకోవాలంటే ముందుగా ప్రభుత్వం నుంచి రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకోవాలి. పెళ్ళయ్యాక ఇంటి బాధ్యతలు ఉద్యోగానికి అడ్డొస్తున్నాయని ప్రభుత్వానికి తోస్తే రాజీనామా చెయ్యమనవచ్చు. వివాహితకు ఆ సర్వీసులో నియామకం హక్కు కాదని ఇంకో నిబంధన. మగ అధికారి ఎన్ని సంసార బాధ్యతలు నెత్తినేసుకున్నా ఈ కాగితాలతో పనిలేదు.

వీటిని కోర్టుకీడ్చింది సి.బి. ముత్తమ్మ. 1949లో విదేశాంగ సర్వీసులో చేరిన తొలి స్త్రీ, కూర్గు మనిషి. పెళ్ళి చేసుకుంటే రాజీనామా చేస్తానని చేరేటప్పుడే రాసివ్వాల్సి వచ్చింది. ఆమె పెళ్ళి చేసుకోలేదు. 1970లో హంగరీకి రాయబారి అయ్యారు. అయినా పై గ్రేడు ప్రమోషన్ ఇవ్వకపోతే సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1979లో తీర్పు రాసిన జస్టిస్ కృష్ణయ్యర్, సంసారం భార్య ఉద్యోగానికి అడ్డమైతే భర్త ఉద్యోగానికి ఎందుకు కాదని ప్రభుత్వాన్ని నిలదీశారు.

కానీ ఆ కేసును కోర్టు కొట్టేసిందని చాలామందికి తెలియదు. విచారణ సాగుతుండగానే ప్రభుత్వం ఆమెకు ప్రమోషన్ ఇచ్చేసింది, నిబంధనలు తీసేస్తున్నామంది. దాంతో కోర్టు ఆమె సీనియారిటీని మళ్ళీ పరిశీలించమని చెప్పి ఊరుకుంది. అంటే అవి రాజ్యాంగవిరుద్ధమని తీర్పుతో రద్దు కాలేదు, ప్రభుత్వమే చల్లగా వెనక్కి తీసుకుంది. పైగా కొన్ని ఉద్యోగాల స్వభావాన్నిబట్టి స్త్రీ పురుషుల మధ్య తేడా పాటించక తప్పదన్న మాట కూడా అదే తీర్పులో ఉంది. ఆ సందు తర్వాత ఎందరికో పనికొచ్చింది. పెళ్ళి చేసుకున్నందుకు 1988లో మిలిటరీ నర్సింగ్ సర్వీసు నుంచి తొలగించిన సెలీనా జాన్‌కు 60 లక్షల రూపాయల పరిహారం ఇమ్మని సుప్రీంకోర్టు చెప్పింది 2024లో. ముప్పై ఆరేళ్ళు!

సామాజికశాస్త్ర విద్యార్థిగా నన్ను ఎక్కువగా పట్టి కుదిపేది ఇంకోటుంది. రాయబారి ఉద్యోగంలో సగం పని ఇంట్లోనే జరుగుతుంది. విందులు, అతిథులు, ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టాలి అన్న లెక్కలు. ఇవన్నీ రాయబారి భార్య జీతం లేకుండా చేసి పెడుతుందని ప్రభుత్వాలు మాట్లాడకుండానే ఒప్పందం చేసుకున్నాయి. అమెరికాలోనైతే 1972 దాకా భర్త పనితీరు నివేదికలో భార్య నడవడికి కూడా మార్కులు వేసేవారు. ఇద్దరి శ్రమ, ఒక జీతం అన్నమాట. ఈ ఏర్పాటులో స్త్రీయే రాయబారి అయితే లెక్క తప్పుతుంది, ఆమెకు "భార్య" ఉండదు కనక. 1961 నిబంధనల అసలు భయం ఇదేనని నా అనుమానం.

ఇప్పుడు ఆ కార్యకర్త ప్రశ్న. బస్తీలో పనికి పెట్టుకునే అమ్మగారు కూడా పెళ్ళయిందా, చిన్నపిల్లలున్నారా, కడుపుతో ఉన్నావా అనే అడుగుతుంది. ఆమెకు నిబంధనల పుస్తకం అక్కర్లేదు, అంతే తేడా. కోర్టు మెట్లెక్కే వెసులుబాటు ముత్తమ్మకుంది, పనిమనిషికి లేదు. ఈ తేడా చిన్నది కాదు.

మరి మన సంస్థల మాటేమిటి? నేనూ క్షేత్రస్థాయి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు చేశాను. "రాత్రి ఊళ్ళో ఉండాల్సొస్తే ఇంట్లో ఒప్పుకుంటారామ్మా?" అని అమ్మాయిల్నే అడిగాను, ఒక్క అబ్బాయినీ అడగలేదు. ఈ ఏడాది మా దరఖాస్తు ఫారంలో భర్త పేరు గడి తీసేశాం. ఆ ప్రశ్న మాత్రం నోటి నుంచి ఇంకా పోలేదు.